నేరం మేకుది, శిక్ష చెక్కకు

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట, ఇళ్ల ధరలూ పిల్లల కాలేజీలూ అయ్యాక మాట ఇంటికప్పు మీదికి మళ్లడం మామూలే. 1980లు, 90లలో కట్టిన ఇళ్లు కొన్నవాళ్లకు ఆ బెంగ మరీ ఎక్కువ. ఆ కాలపు ఇళ్లలో చాలావాటి మీద సీడర్ షేకులు, అంటే దుంగ నుంచి చీల్చిన చెక్కపెంకులు ఉంటాయి. ఇప్పుడవి నెరిసి, అంచులు లేచి, ఉత్తరపు వాలున నాచు దట్టంగా పట్టి కనిపిస్తాయి. ఇక ఆ ఇల్లు ఎడ్మండ్స్‌లోనో, ముకిల్టియోలోనో, విడ్బీ దీవిలోనో నీటి ఒడ్డున ఉందంటే తీర్పు తడుముకోకుండా వచ్చేస్తుంది: ‘‘ఉప్పుగాలికి చెక్క ఆగదన్నా. మొత్తం పీకించేసి సింథటిక్ వేయించెయ్. యాభై ఏళ్లు తలెత్తి చూడక్కర్లేదు.’’

కాంట్రాక్టరుదీ ఇదే మాట, ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటుదీ ఇదే మాట. పక్కింటి పెద్దాయన తాను వేయించుకున్న ప్లాస్టిక్ షేకుల్ని చూపించి మరీ చెబుతాడు. ఇంతమంది చెబుతున్నారు కదా అని నమ్మబుద్ధవుతుంది. నమ్మకండి. ముసలి కప్పును మార్చాల్సి రావచ్చు, కాదనను. కానీ అది ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా మార్చినవాడు తర్వాతి కప్పునూ అదే రోగంతో పోగొట్టుకుంటాడు.

ముందు చెక్క సంగతి చూద్దాం. షేకులకు వాడే పడమటి ఎర్ర సీడర్ ముఖ్యంగా పసిఫిక్ అంచును పట్టుకుని, అలాస్కా దక్షిణపు కొస నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా పెరిగే చెట్టు. వానా, పొగమంచూ, ఉప్పుగాలీ దానికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసినవే. దాని చేవలో థుజాప్లిసిన్‌లనే పదార్థాలు ఉంటాయి. కర్రను కుళ్లబెట్టే బూజుకు అవి విషం. వాననీటికి ఏళ్ల తరబడి అవి కొద్దికొద్దిగా కరిగిపోతాయన్నది నిజమే కాబట్టి ఆ చెక్కా ఏనాటికైనా పోవాల్సిందే. కానీ ఉప్పు దాన్ని చంపుతుందన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? చెక్క ఓడలు కట్టిన రోజుల్లో కర్ర కుళ్లకుండా ఓడ పక్కటెముకల మధ్య ఖాళీల్లో ఉప్పే కూరేవాళ్లు. ఉప్పు స్ఫటికాలు కట్టినప్పుడు చెక్క పైపీచు కాస్త లేచి నూగులా తయారవుతుంది. చూడ్డానికి బాగుండదు, అంతే.

ఎండావానలు కర్రను అరగదీసే వేగం కూడా జనం అనుకునేంత లేదు. మాడిసన్‌లో అమెరికా ప్రభుత్వానికి ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ అని ఒకటుంది. వాళ్ల లెక్కలో, రంగు వేయని మెత్తజాతి కర్ర నిలువు గోడ మీద నూరేళ్లకు అరిగేది దాదాపు 6 మిల్లీమీటర్లు. సీడర్ తేలిక కర్ర కాబట్టి రెట్టింపు వేసుకోండి. వాలుకప్పు కాబట్టి ఇంకా కలపండి. అయినా అర అంగుళం మందమున్న షేకు, పైన ఇంకో వరస కప్పి ఉన్నది, ఇరవై ఏళ్లకే అరిగి చావదు.

వాషింగ్టన్ రాష్ట్రపు పడమటి అంచున ఓజెట్ అనే చోట మకా జాతివాళ్ల ఊరొకటి, కొన్ని వందల ఏళ్ల కిందట కొండచరియ జారి బురదలో కూరుకుపోయింది. 1970లో మొదలైన తవ్వకాలు పదకొండేళ్లు సాగాయి. బయటపడ్డ వేలాది వస్తువుల కోసం నియా బేలో 1979లో మ్యూజియం తెరిచారు. ఆ ఇళ్లకు గోడలూ సీడర్ పలకలే, కప్పూ సీడర్ పలకలే. ఇల్లు దిగితే మహాసముద్రం. ఏటా వంద అంగుళాలకు అటూఇటూగా వాన పడే నేల. ఆ తీరపు జాతులవాళ్లు కప్పు పలకల్ని పరిచి, గాలికి లేవకుండా పైన రాళ్లు పెట్టేవాళ్లు. పొయ్యి పొగ పోవాలంటే కర్రతో ఒక పలకను పక్కకు తోసేవాళ్లు. చేపల కాలానికి మకాం మారిస్తే పలకల్ని విప్పి పడవలకెత్తుకుని పోయినవాళ్లూ ఉన్నారు. ఆ కప్పుల్లో ఒక్క ఇనుప మేకు లేదు. సముద్రాన్ని చూసి బెదిరే చెక్కే అయితే ఈ తీరంలో అన్ని తరాలు దాని కింద తలదాచుకునేవి కావు.

మేకు వచ్చాకే కథ మారింది. షేకు ఒక్కోదాన్ని పట్టి ఉంచేవి రెండే మేకులు. వాటి తలలు పై వరస కింద దాక్కుంటాయి కాబట్టి ఎవరి కంటా పడవు. సాధారణంగా కొట్టేవి జింకు పూత మేకులు. ఒడ్డుగాలిలోని క్లోరైడు ఆ పూతను తినేస్తుంది. ఆ తర్వాత ఇనుము వంతు. సీడర్ లోపలి రసాలకూ ఆమ్లగుణం ఉంది, అవి ఇనుముతో కలిస్తే నల్లటి చారలు కారతాయి. బయటి నుంచి ఉప్పూ, లోపలి నుంచి చెక్క రసమూ తింటుంటే మేకు సన్నబడి సన్నబడి ఒక నవంబరు గాలివానకు తెగుతుంది. తెల్లారేసరికి పెరట్లో నాలుగు షేకులు పడి ఉంటాయి. ఇంటాయన ఒకటి చేతిలోకి తీసుకుని ‘చెక్క పోయింది’ అంటాడు. తిరగేసి చూస్తే చెక్క గట్టిగానే ఉంటుంది. రంధ్రం చుట్టూ తుప్పుమరక ఉంటుంది. అంత స్పష్టమైన సాక్ష్యం చేతిలో పెట్టుకుని కూడా నేరాన్ని చెక్క మీదే మోపుతారు.

ఇది నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. 1915 నుంచి ఈ వ్యాపారానికి ప్రమాణాలు చెబుతున్న సీడర్ షేక్ అండ్ షింగిల్ బ్యూరో, ఉప్పునీటికి 15 మైళ్ల లోపున్న ఇళ్లకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడమంటుంది. మామూలు 304 రకం అక్కడ చాలదు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడు పొడిచే చిల్లులకు అదే అడ్డు. 15 మైళ్లంటే ఎంతో గమనించండి: సియాటిల్ నగరమంతా అందులోనే ఉంది, సరస్సుకు అవతలున్న బెల్వ్యూ, కర్క్‌లాండ్ కూడా ఉన్నాయి. అక్కడ ఇళ్లు కొన్న మనవాళ్లలో ఎంతమందికి తమది సముద్రపు ఒడ్డు ఇల్లన్న సంగతి తెలుసు? మేకు మారిస్తే మొత్తం ఖర్చులో పెరిగేది చిన్న వాటా. ఆ చిన్న వాటా మిగుల్చుకోవడానికి పెద్ద కప్పును బలిపెట్టడం ఇక్కడ దశాబ్దాలుగా జరుగుతున్న పనే.

ఈ గుట్టు మనకు కొత్త కాకూడదు కూడా. విశాఖ బీచ్ రోడ్డు పొడుగునా అపార్టుమెంట్ల బాల్కనీలకు పెచ్చులూడి, లోపలి ఊచలు ఉబ్బి బయటపడి ఉండటం చూసినవాళ్లమే. అక్కడా సిమెంటుకు సిమెంటుగా వచ్చిన రోగం కాదు. లోపలికి ఇంకిన క్లోరైడు ఊచను తిన్నది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొట్టింది. అంతమాత్రాన సముద్రం పక్కన సిమెంటు ఆగదని ఎవరూ తీర్మానించరు. ఊచ మీద కవరు ఎంత ఉంచావు, ఇసుక ఎక్కడిది తెచ్చావు అని మేస్త్రీని నిలదీస్తారు. శ్లాబుకు ఇచ్చే ఆ పాటి న్యాయం ఇక్కడ చెక్కకు దక్కదు.

మేకు తర్వాత రెండో దోషి ఊపిరాడని కప్పు. పాత పద్ధతిలో వాసాల మీద ఎడమెడంగా రీపర్లు కొట్టి, వాటి మీద షేకులు వేసేవాళ్లు. వాన కురిసినప్పుడు చెక్క తడిసేది, వెలిశాక పైనుంచీ కిందనుంచీ ఆరేది. షేకుల మధ్య సందులు వదలడం కూడా ఆ ఆరే ఏర్పాటులో భాగమే. తర్వాత భూకంపాలకు ఇల్లు గట్టిగా ఉండాలని వాసాల మీద ప్లైవుడ్ పరచడం వాడుకైంది. ప్లైవుడ్ మంచిదే. దాని మీద నడుమ గాలి సందు లేకుండా షేకుల్ని అతికించినట్టు కొట్టడమే చెడ్డది. కింది ముఖం తడి ఇక ఆరదు. పైన ఎండకు ఎండి, కింద తడితో ఉబ్బి షేకు దొన్నెలా వంకర తిరుగుతుంది, పగులుతుంది, కుళ్లుతుంది. గాలి సందు ఇచ్చే నైలాన్ వలలాంటి పరుపులు దొరుకుతాయి, లేదా ప్లైవుడ్ మీద అడ్డం నిలువు పట్టీలు కొట్టి వాటి మీద షేకులు వేయొచ్చు. కొటేషన్‌లో ఈ ముక్క ఉందా అని అడిగేవాళ్లు అరుదు. లేకపోతే ఏమవుతుందో చెప్పే కాంట్రాక్టరు ఇంకా అరుదు.

చెక్క రకం గురించి కూడా ఒక మాట. చేవ పూర్తిగా ఉండి, పీచు నిలువుగా కోసుకున్నది ఒక సరుకు. అంచున తెల్ల కర్ర కలిసి, పీచు పడుకున్నట్టున్నది వేరే సరుకు. ఇళ్లు జోరుగా కట్టిన రోజుల్లో రెండోదే ఎక్కువగా పైకెక్కింది. చేవలేని కర్ర పోయిందని చేవ ఉన్న కర్రను తిట్టడం ఏం తర్కం?

పోషణ పేరుతో జరిగే విధ్వంసం వీటన్నిటినీ మించింది. నాచు పట్టిందని ప్రెషర్ వాషర్ తెచ్చి కప్పును కడిగిస్తారు. నాచుతో పాటు పీచులోని మెత్తటి భాగం కూడా లేచిపోయి, కప్పు బంగారు రంగులో కొత్తదానిలా మెరుస్తుంది. యజమాని ఫోటో తీసుకుంటాడు. నిజానికి ఆ ఒక్క పూటలో కప్పు ఎన్నో ఏళ్ల వయసు పోగొట్టుకుంది. చేయాల్సింది చాలా చప్పటి పని: పైన వాలిన కొమ్మలు నరికించి ఎండ పడనివ్వడం, సందుల్లో ఇరుక్కున్న ఆకులూ సూదాకులూ ఊడ్పించడం, మెత్తటి బ్రష్షుతో నాచును పైనుంచి కిందికి తోయడం. నాచుమందుల మోజుకూ హద్దుండాలి. రాగి కలిసిన నీళ్లు గట్టరులోంచి వాగులో పడితే సాల్మన్ పిల్లల వాసన పట్టే శక్తి మొద్దుబారుతుంది. ఆ వాసనే లేకపోతే అవి శత్రువును పసిగట్టలేవు.

ఇప్పుడు ‘యాభై ఏళ్లు తలెత్తి చూడక్కర్లేని’ సరుకు దగ్గరికి వద్దాం. పాలిమరుతో అచ్చుపోసిన షేకులు అమ్మకానికి వచ్చి మూడు దశాబ్దాల చిల్లర. యాభై ఏళ్లు ఒడ్డుగాలిలో నిలిచిన ప్లాస్టిక్ షేకు లోకంలో ఎక్కడా లేదు, ఉండటానికి వీల్లేదు. మరి ఆ యాభై ఎక్కడిది? వారంటీ కాగితంలోది. ఆ కాగితం చిన్న అక్షరాలు ఓపిగ్గా చదవండి. ఏళ్లు గడిచేకొద్దీ ఇచ్చే సొమ్ము తగ్గుతుంది, ఇల్లు చేతులు మారితే షరతులు మారతాయి, బిగించిన తీరులో లోపముంటే బాధ్యత లేదంటారు. అంటే మేకు విషయంలో చేతులు ముందే కడిగేసుకున్నారన్నమాట. ప్లాస్టిక్ షేకు కూడా మేకు మీదే వేలాడుతుంది కదా! జింకు పూత మేకుతో బిగిస్తే అదీ ఒక గాలివానకు జారి పెరట్లోనే పడుతుంది. అప్పుడు తిట్టడానికి పాపం చెక్క కూడా ఉండదు.

ఈ మోజు ఇదే మొదటిసారి కాదు. 1980ల నుంచి కాలిఫోర్నియాలో సీడర్‌కు బదులుగా సిమెంటూ చెక్కపీచూ కలిపిన షేకులు ఊపుగా అమ్మారు. కాలవు, కుళ్లవు, తరాలు ఆగుతాయి అన్నారు. ఆస్బెస్టాస్ ఆరోగ్యానికి చేటని తీసేసి ఆ చోటున చెక్కపీచు వేశారు. ఆ పీచు తడి పీల్చి, పెళుసుబారి, పొరలు పొరలుగా విడిపోయింది. చాలా ఇళ్ల మీద అవి వారంటీలో సగం కాలం కూడా నిలవలేదు. గుంపుగా వేసిన దావాల దాకా పోయింది వ్యవహారం. పీకేసిన సీడర్ ఉంటే వాటికన్నా ముందే పోయేదని ఎవరైనా ప్రమాణం చేసి చెప్పగలరా?

అయితే అవతలి పక్షం దగ్గర ఒక వాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. అగ్గి. 1923 సెప్టెంబరులో బర్క్‌లీలో దాదాపు 600 ఇళ్లు, 1961 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోని బెల్ ఎయిర్‌లో 484 ఇళ్లు కాలాయి. రెండు చోట్లా చెక్క కప్పుల నుంచి లేచిన నిప్పుముక్కలు గాలికి వీధులు దాటి పక్క కప్పుల మీద వాలాయి. 1991 అక్టోబరులో ఓక్లండ్ కొండల్లో 25 మంది చనిపోయారు. పొడిగాలి వీచే కాలిఫోర్నియా కొండల్లో, అది సముద్రానికి ఎదురుగా ఉన్న మాలిబు అయినా సరే, చెక్క కప్పు వద్దు. నా వాదన ఆ ఊళ్లకు వర్తించదు. మన వాన తీరానికి మాత్రం అగ్గి భయం లేదా అంటే, ఉంది. 2020 సెప్టెంబరులో తూర్పుగాలి తిరగబడి ఓరెగన్ తీరాన లింకన్ సిటీ పక్కనున్న ఓటిస్‌లో మూడు వందలకు దగ్గరగా ఇళ్లు కాలిపోయాయి. కాబట్టి అడవి ఇంటిని ఆనుకుని ఉంటే మందు ఎక్కించని షేకు వేయకండి. పీడనంతో అగ్నినిరోధకం ఎక్కించిన షేకులు నిప్పును తట్టుకునే లెక్కలో క్లాస్ బి, కింద తగిన పొర వేస్తే క్లాస్ ఎ దాకా వస్తాయి. అది కూడా చాలదనిపిస్తే అల్యూమినియం రేకు కప్పు వేయించుకోండి. ఉప్పుగాలికి ఉక్కు రేకు కన్నా అదే మేలు. కానీ అగ్గి పేరు చెప్పి ప్లాస్టిక్ అమ్మేవాణ్ని మాత్రం ఒక ప్రశ్న అడగండి: ఈ షేకు తనంతట తానుగా ఏ క్లాసు? కొన్నిటికి ప్రత్యేకమైన పొర కింద పరిస్తే తప్ప క్లాస్ ఎ రాదు. అలాంటప్పుడు ఆ మెప్పు కింది పొరకు దక్కాలి గానీ షేకుకు కాదు.

ఇంకో అభ్యంతరం చెట్లది. నాకు దీని మీద గౌరవం ఉంది. మేలురకం షేకు రావాలంటే పెద్ద చెట్టు కావాలి, ఆ చెట్టుకు వందల ఏళ్ల వయసుంటుంది. 1993లో వాంకూవర్ దీవిలోని క్లేక్వాట్ సౌండ్‌లో అలాంటి అడవిని నరకొద్దని దారికి అడ్డం కూర్చుని ఎనిమిది వందల మందికి పైగా అరెస్టయ్యారు. ఇక షేకుల మిల్లుల్లో దుమ్ము పీల్చిన కార్మికులకు, సీడర్‌లోని ప్లికాటిక్ ఆసిడ్ వల్ల ఆస్తమా వస్తుందని బ్రిటిష్ కొలంబియా వైద్యులు ఎప్పుడో తేల్చారు. (మీ కప్పు పీకే కుర్రాళ్లకు మాస్కులున్నాయో లేదో చూసే బాధ్యత మీది కూడా.) సీడర్‌ను దేవుడిలా కొలిచేవాళ్ల భజనలో నేను చేరను. అయితే మీ ఇంటి మీదున్న చెక్క ఎప్పుడో నరికిన చెట్టుది. అందులో గట్టిగా ఉన్న సగాన్ని కూడా పీకి చెత్తకుప్పకు పంపితే ఏ అడవీ బతకదు. చెట్టు మీద ప్రేమ ఉంటే కప్పు మొత్తం పీకించే ముందు ఆగాలి.

ఈ ‘మొత్తం’ అనే అలవాటు మీదే నా అసలు కోపం. కప్పంతా ఒకే ఈడులో చావదు. దక్షిణపు వాలు ఎండకు పగులుతుంది, ఉత్తరపు వాలు నాచుకు నానుతుంది, గాలి ఎదురుగా కొట్టే అంచు మేకులు వదులవుతాయి, రెండు వాలులు కలిసే లోయల్లో ఫ్లాషింగ్ రేకు ముందు చిల్లు పడుతుంది. పాడైన షేకును ఒక్కదాన్నే తీయడానికి రిప్పర్ అనే పనిముట్టు ఉంది. సన్నటి పొడవాటి ఇనుప బద్ద, కొసన కొక్కెం. పై వరసను కదిలించకుండా కిందికి దూర్చి మేకును కోసేస్తారు, పాత షేకు లాగేసి కొత్తది దూరుస్తారు. ఒక వాలే పోతే ఒక వాలే మార్చుకోవచ్చు. ఇలాంటి పనికి వచ్చే మనిషి దొరకడం కష్టమే, ఎందుకంటే రిపేరులో మిగిలేది తక్కువ, పీకుడులో మిగిలేది ఎక్కువ. ‘రిపేరు వేస్టు సార్’ అన్న సలహా ఎవరి జేబు నుంచి పుట్టిందో చూసుకుంటే చాలు.

ఇన్సూరెన్స్ కంపెనీ ముసలి చెక్క కప్పుకు పాలసీ ఇవ్వనంటుందనే మాట కూడా వింటుంటాను. కొన్ని నిజంగానే ఇవ్వవు. అది వాళ్ల వ్యాపారపు లెక్క. మీ కప్పు ఎక్కి చూసి చెప్పిన రోగనిర్ణయం కాదు. కాగితం మీద రాసి ఇవ్వమనండి, ఇంకో కంపెనీని అడగండి. ఎవరూ ఒప్పుకోకపోతే రేకు కప్పుకో, మామూలు అస్ఫాల్టుకో వెళ్లండి, అందులో చిన్నతనమేమీ లేదు. చెక్క కాని కప్పు కావాలనుకున్నప్పుడు చెక్క వేషం వేసిన ప్లాస్టిక్‌కు అంత డబ్బు ఎందుకు పోయాలో మాత్రం నాకు అర్థం కాదు.

చివరికి మార్చక తప్పదని తేలిందే అనుకుందాం. అటక మీదికెక్కి పగటిపూట వెలుతురు ఎక్కడెక్కడ కారుతోందో, ఏ వాసం నల్లబడిందో కాంట్రాక్టరు కన్నా ముందు మీరే చూడండి. వాలువారీగా కొటేషన్ అడగండి. గాలి సందు ఎలా ఇస్తాడో, లోయల్లో ఏ రేకు వేస్తాడో రాయించుకోండి. ఆ తర్వాత లారీలోంచి దించిన మేకుల డబ్బా తెప్పించి, దాని మీద 316 అన్న అంకె మీ కళ్లతో చూసేదాకా పాత కప్పు మీద గునపం వేయనివ్వకండి.